పులికాట్, నేలపట్టు చలికాలపు పక్షులు, మారుతున్న వాతావరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు మొదలైతే చాలు, ఫోన్ చేసినవాళ్లందరూ అడిగే మాట ఒకటే: "పక్షులొచ్చాయా?" జనవరికల్లా ఆ మాట "ఈసారి ఎందుకు తగ్గాయి?" అని మారుతుంది. ఏళ్ల తరబడి సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద బైనాక్యులర్ పట్టుకుని నిలబడుతున్నాను కాబట్టి ఈ ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి. మళ్లీ మళ్లీ చెప్పేవన్నీ ఒకచోట రాసిపెడితే బడిపిల్లలకూ, టీచర్లకూ, సంక్రాంతి సెలవులకు వచ్చేవాళ్లకూ పనికొస్తుందని ఇది రాశాను. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, పక్షుల కేంద్రం ఉన్న నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. మా నోట మాత్రం ఇవి ఇప్పటికీ నెల్లూరు పక్షులే.

ఇంత దూరం ఎగిరి ఇక్కడికే ఎందుకు వస్తాయి? చలికి తట్టుకోలేకనా?

చలి ఒక్కటే అయితే చాలా పక్షులు ఓర్చుకుంటాయి. వాటి ఈకల కింద మెత్తటి నూగు ఉంటుంది, అది మంచి దుప్పటి. అసలు కష్టం తిండితో వస్తుంది. సైబీరియాలో, మంగోలియాలో, టిబెట్‌లో చెరువులు గడ్డకడితే బాతుకు గడ్డి దొరకదు, ఉల్లంకి పిట్టకు బురదలో పురుగు దొరకదు. సరిగ్గా అదే సమయానికి మన దగ్గర ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. దేశంలో చాలా చోట్ల వానాకాలం అయిపోయాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానలు పడతాయి. చెరువులు నిండుతాయి, కాళంగి, స్వర్ణముఖి నదులు పారి పులికాట్‌లోకి మంచినీళ్లు చేరతాయి. అక్కడ వంట ఆగిపోయిన రోజుల్లో ఇక్కడ పొయ్యి వెలుగుతుందన్నమాట.

ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా సాగే ఈ ఆకాశ దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఇది 30 దేశాల మీదుగా పోతుంది. మన తీరం దాని కింది కొసలో ఉంది.

నేలపట్టులో గూళ్లు పెట్టేవన్నీ సైబీరియా పక్షులేనా?

కావు. చాలామంది పొరబడేది ఇక్కడే, కొన్ని బోర్డుల మీద కూడా తప్పే రాసి ఉంటుంది. నేలపట్టు చెరువులో నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు మన ఉపఖండపు పక్షులే. అవి ఇక్కడికి వచ్చేది పిల్లల్ని పెంచడానికి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల లెక్క. సైబీరియా నుంచో, టిబెట్ నుంచో వచ్చేవి ఇక్కడ గూడు పెట్టవు, గుడ్లు పెట్టవు. తిని, బలం పుంజుకుని, మార్చి, ఏప్రిల్‌లో వెనక్కి పోతాయి. సూదితోక బాతు, తలమీద రెండు నల్ల పట్టెలుండే బాతు, రకరకాల ఉల్లంకి పిట్టలు ఈ కోవలోవి. ఫ్లెమింగోల సంగతి వేరు. మన దేశంలో అవి పెద్ద ఎత్తున గూళ్లు కట్టే చోటు గుజరాత్‌లోని కచ్ రణ్.

ఈ తేడా ఎందుకు పట్టుబట్టి చెబుతున్నానంటే, వాతావరణ మార్పు ఈ రెండు రకాల పక్షులనూ రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. గూడబాతుకు నేలపట్టు చెరువు నిండిందా లేదా అన్నదే ముఖ్యం. చెట్ల కింద నీళ్లుంటేనే కుక్కలు, పిల్లులు, నక్కలు గూళ్ల దాకా రావు. నీళ్లు ఆలస్యమైతే గూళ్లు ఆలస్యం, మధ్యలో ఎండిపోతే పిల్లలకు గండం. సూదితోక బాతుకైతే ఇక్కడి నీళ్లతో పాటు వేల కిలోమీటర్ల అవతలి మంచు కూడా లెక్కలోకి వస్తుంది.

వాతావరణం మారితే పక్షుల చలికాలపు విడిది నిజంగా మారుతుందా? రుజువు ఉందా?

ఉంది. ఎక్కువ రుజువులు అమెరికా, యూరప్‌ల నుంచి వచ్చాయి, ఎందుకంటే అక్కడ లెక్కలు పాతవి. అమెరికాలో క్రిస్మస్ రోజుల్లో పక్షుల్ని లెక్కపెట్టడం 1900లో మొదలైంది, నేటికీ ఆగలేదు. ఆ లెక్కల్లోంచి 305 జాతుల్ని పరిశీలిస్తే, 1960ల నడిమి నుంచి నాలుగైదు దశాబ్దాల్లో వాటి చలికాలపు విడిది సగటున 40 మైళ్లకు పైగా ఉత్తరానికి జరిగింది. అంటే సుమారు 65 కిలోమీటర్లు. సగటు గనక కొన్ని చాలా దూరం జరిగాయి, కొన్ని అసలు కదల్లేదు, కొన్ని దక్షిణానికీ పోయాయి.

యూరప్‌లో కొన్ని రకాల బాతులు వెనకటికి చలికాలంలో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ దాకా దిగేవి. ఇప్పుడు ఫిన్లాండ్, స్వీడన్ నీళ్లు త్వరగా గడ్డకట్టడం లేదు కాబట్టి చాలావరకు అక్కడే ఆగిపోతున్నాయి. రష్యా ఉత్తర కొసన గూళ్లు పెట్టే బ్యూయిక్ హంసలు ఒకప్పుడు పెద్ద సంఖ్యలో ఇంగ్లండ్ దాకా వచ్చేవి. ఇప్పుడు చాలా భాగం జర్మనీ చుట్టుపక్కలే చలికాలం గడిపేస్తున్నాయి. 1970 నుంచి వాటి విడిది ఏటా సుమారు 13 కిలోమీటర్ల చొప్పున తూర్పుకు జరుగుతూ వచ్చిందని లెక్క తేల్చారు.

పక్షి వైపు నుంచి చూడండి. రెక్క ఆడించే ప్రతి కిలోమీటరుకూ ఒంట్లో కొవ్వు కరగాలి. దారిలోనే తిండి దొరికితే ముందుకు పోవలసిన పనేముంది? పైగా దగ్గర్లో ఆగిన పక్షి వసంతంలో ముందుగా ఇల్లు చేరి మంచి చోటు పట్టుకుంటుంది.

అయితే మన పక్షులు కూడా దారిలోనే ఆగిపోతున్నాయా? అందుకేనా తగ్గింది?

ఒక ఏడాది తక్కువ కనిపించగానే ఆ మాట అనేయకండి. అవకాశం మాత్రం ఉంది. తలమీద పట్టెలుండే బాతునే తీసుకుందాం. దాని ఒంటికి పరికరం కట్టి చూస్తే హిమాలయాలు దాటేటప్పుడు 7,290 మీటర్ల ఎత్తు దాకా ఎగిరిన బాతు ఒకటి దొరికింది. అంత కష్టపడకుండా టిబెట్‌లోనే, యార్లుంగ్ సాంగ్‌పో లోయలో కోత కోసిన బార్లీ పొలాల్లో గింజలేరుకుంటూ చలికాలం గడిపే బాతులూ వేలల్లో ఉన్నాయి. అంటే ఆగిపోయే దారి ఆ జాతికి ముందే తెలుసు. చలి తగ్గేకొద్దీ ఆ దారి ఇంకా తేలికవుతుంది.

కానీ పులికాట్ దగ్గర ఏడాదికీ ఏడాదికీ కనిపించే తేడాల్లో పెద్ద వాటా నీళ్లది. ఎన్ని వానలు, ఏ నెలలో, సముద్రం నీళ్లు ఎంత లోపలికి వచ్చాయి, ఇవి చూసుకున్నాకే సైబీరియా మాట ఎత్తాలి.

నీళ్ల లెక్క అంటే ఏమిటి? సరస్సులో నీళ్లుంటే చాలదా?

దీనికి కొంచెం ఎక్కువే చెప్పాలి.

పులికాట్ పెద్దదేగానీ లోతైనది కాదు. ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత మన దేశంలో ఇదే పెద్దది. సగటు లోతు మాత్రం ఒక మీటరు దగ్గర్లో ఉంటుంది. రోడ్డు మీద నిలబడితే సముద్రంలా కనిపించే చోట నిజానికి మనిషి మోకాలి దాకా కూడా నీళ్లుండవు.

అటకానితిప్ప దగ్గర తెల్లవారుజామున ఫ్లెమింగో తినడం దగ్గర్నుంచి చూశాను. ముందు ఒకచోట నిలబడి, చెప్పుల్లేని కాళ్లతో అడుసు తొక్కినట్టు రెండు కాళ్లూ మార్చి మార్చి తొక్కుతుంది. బురద లేచి నీళ్లు కలకబారతాయి. అప్పుడు మెడ వంచి తలను తలకిందులుగా నీళ్లలో పెడుతుంది, పై ముక్కు కిందికీ కింది ముక్కు పైకీ వచ్చేలా. లోపల నాలుక పిచికారీలా ఆడుతుంది. నీళ్లు లోపలికి పోయి, ముక్కు అంచున ఉన్న సన్నటి జల్లెడ గుండా బయటికొస్తాయి. నాచు, చిన్నచిన్న రొయ్యలు, పురుగులు లోపల మిగులుతాయి. తొక్కుతూ తొక్కుతూ తన చుట్టూ తానే తిరుగుతుంది. అది వెళ్లిపోయాక చూస్తే, నీళ్లు తక్కువున్న చోట అడుసులో గుండ్రటి పళ్లెం లాంటి గుంట కనిపిస్తుంది.

ఇదంతా కాళ్లు నేలకు ఆనితేనే కుదురుతుంది. దాని కాళ్లు పొడవే, అయినా వాటికీ ఒక కొలత ఉంది. ఉల్లంకి పిట్టలకు ఇంకా కష్టం. చిన్న ఉల్లంకి గుప్పెట్లో పట్టేంత ఉంటుంది, దానికి రెండు వేళ్ల నీళ్లు కూడా ఎక్కువే. తడి బురద అంచు మీదే అది బతుకుతుంది. పక్క పక్కనే ఉండే ఈ రెండింటికీ కావలసిన లోతులు వేరు. సరస్సు నెమ్మదిగా తగ్గుతూ ఉంటే రోజుకొక కొత్త అంచు బయటపడుతుంది, అందరికీ తిండి దొరుకుతుంది. మంచి ఏడాది అంటే అదే.

వానలు ఎక్కువ పడితే పక్షులకు మంచిదే కదా?

ఎలా పడ్డాయన్నది చూడాలి. రెండు నెలల పాటు విడతలు విడతలుగా పడితే చెరువులకూ, పెద్దకారు పంటకూ, పక్షులకూ అన్నింటికీ మేలు. అదే వాన నాలుగు రోజుల్లో కుమ్మరిస్తే? 2015 నవంబరు వరదలు గుర్తున్నాయా? 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన జిల్లాను ముంచెత్తింది. అలాంటప్పుడు సరస్సులో బురద అంచులన్నీ మునిగిపోతాయి. నీళ్లు నిండుగా ఉంటాయి, పక్షులు కాలు పెట్టే చోటు ఉండదు. చూసేవాళ్లు "ఇన్ని నీళ్లున్నాయి, పక్షులేవీ?" అని ఆశ్చర్యపోతారు. అవి పైన పొలాల్లోకో, ఉప్పు కొటార్లలోకో, ఇంకో తీరానికో వెళ్లి ఉంటాయి.

దీనికి వెనక ఉన్న కారణం కష్టమైనదేమీ కాదు. ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైనీళ్లు 1951 నుంచి 2015 మధ్యలో దాదాపు 1 డిగ్రీ వేడెక్కాయి. గాలి 1 డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. ఆ తేమ ఒక్కసారిగా దిగితే కుంభవృష్టి. ఇక వానలు ముఖం చాటేసిన ఏడాది, 2016 లాంటిది, దీనికి ఎదురు. అప్పుడు ఉత్తరపు వైపు సరస్సు త్వరగా ఎండి, నెర్రెలు బారి, తెల్లగా ఉప్పు పేరుకుంటుంది.

ముఖద్వారాలు పూడిపోయాయని పేపర్లో చదివాం. దానికీ పక్షులకూ సంబంధమేంటి?

సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చి పోయే దారులవి. మన వైపు రాయదొరువు, కొండూరుపాళెం, తూపిలిపాళెం. ఇవి ఇసుక మేట వేసి మూసుకుపోతే ఉత్తరపు భాగానికి ఉప్పునీటి రాకపోకలు ఆగుతాయి. వానకు నిండిన నీళ్లు ఎండకు ఆవిరై, మిగిలింది సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. చేపల గుడ్లు, రొయ్య పిల్లలు లోపలికి రావు. ముందు జాలరి వల ఖాళీ అవుతుంది, ఆ వెనకే పక్షి కడుపు. గూడబాతులు నేలపట్టులో గూడు పెట్టినా చేపల కోసం పులికాట్‌కే పోతాయి గనక ఆ దెబ్బ నేలపట్టు పిల్లల దాకా వస్తుంది.

పూడిక అంతా వాతావరణ మార్పు వల్లేనని నేను అనను. తీరంలో ఇసుక ఏటా కదులుతూనే ఉంటుంది. కానీ ఉత్తర హిందూ మహాసముద్రం 1993, 2015 మధ్యలో ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. మీటరు లోతు సరస్సుకు, దాని ముందున్న సన్నటి ఇసుక తిన్నెకు అది చిన్న సంగతి కాదు. ముఖద్వారాలు తీయించమని ఇక్కడి మత్స్యకారులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. పక్షుల్ని ప్రేమించే ప్రతి ఒక్కరూ వాళ్ల వెనక నిలబడాలన్నది నా మాట.

ఎక్కడో ఆర్కిటిక్‌లో మంచు కరిగితే ఇక్కడికి వచ్చే పిట్టకు ఏమవుతుంది?

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించిన సంగతి ఇది. రెడ్ నాట్ అని ఒక ఉల్లంకి జాతి ఉంది. అందులో ఒక తెగ రష్యా ఉత్తర కొసన తైమిర్‌లో గూడు పెట్టి, చలికాలానికి ఆఫ్రికాలోని మౌరిటానియా తీరానికి పోతుంది. 33 ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చూస్తే తైమిర్‌లో మంచు ఏడాదికి సగం రోజు చొప్పున ముందుగా కరుగుతూ వచ్చింది. మంచు కరగ్గానే పురుగులు పుడతాయి. పిట్ట పిల్లలు పొదిగి బయటికొచ్చేసరికి ఆ పురుగుల జోరు దాటిపోతోంది. తిండి చాలని పిల్లలు చిన్నగా, పొట్టి ముక్కుతో పెరిగాయి.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ పిల్లలు మౌరిటానియా చేరాక, బురదలో లోతుగా ఉండే గుల్లలు వాటి పొట్టి ముక్కుకు అందలేదు. పైపైన దొరికే గడ్డి వేర్లతో సరిపెట్టుకోవలసి వచ్చింది, బతికి బట్టకట్టినవి తక్కువ. పుట్టినచోట వేడి పెరిగితే, ప్రాణం పోయింది విడిది దగ్గర. ఈ పరిశోధన 2016లో వచ్చింది.

పులికాట్‌కు వచ్చే చిన్న ఉల్లంకి, వంకరముక్కు ఉల్లంకి కూడా సైబీరియా ఆర్కిటిక్‌లోనే పుడతాయి. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. అందుకే జనవరిలో అడుసు మీద పరుగెత్తే చిన్న ఉల్లంకిని చూస్తే నాకు ముందు దాని ముక్కు మీదికే చూపు పోతుంది.

పక్షులు సర్దుకుపోలేవా?

కొన్ని బాగానే సర్దుకుంటాయి. బ్లాక్‌క్యాప్ అనే చిన్న పిట్ట మధ్య యూరప్ నుంచి చలికాలానికి స్పెయిన్ వైపు పోయేది. 1960ల నుంచి కొన్ని బ్రిటన్‌కు పోవడం మొదలుపెట్టాయి. అక్కడ చలి తగ్గింది, పెరట్లో గింజలు పెట్టేవాళ్లు పెరిగారు. అలా ఒక కొత్త దారే పడింది.

దూరం నుంచి వచ్చేవాటికి అంత సులువు కాదు. బయల్దేరే వేళ వాటికి పగటి పొడవును బట్టి తెలుస్తుంది. భూమి ఎంత వేడెక్కినా పగటి పొడవు మారదు కదా. ఇక్కడ పులికాట్‌లో ఉన్న పిట్టకు తన ఊళ్లో ఈ ఏడాది మంచు రెండు వారాల ముందే కరిగిందని చెప్పేవాళ్లెవరు?

రొయ్యల గుంటలు, ఉప్పు కొటార్లు ఉన్నాయిగా, అక్కడికి పోలేవా?

ఉప్పు కొటార్లు నిజంగా పనికొస్తాయి. ఇసకపల్లి వైపు పల్చటి ఉప్పునీటి మళ్లలో ఉల్లంకులు, పొడుగు కాళ్ల పిట్టలు హాయిగా తింటాయి. రొయ్యల గుంటలు అలా కాదు. గట్లు నిటారుగా ఉంటాయి, లోతు ఎక్కువ, పైన వల దారాలు. రైతు నీటికాకుల్ని చూసి టపాసులు పేలుస్తాడు, లక్షల పెట్టుబడి పెట్టినవాడికి ఆ టెన్షన్ ఉంటుంది, తప్పుపట్టలేం. కానీ రొయ్య పట్టేశాక గుంట ఎండబెట్టే రెండు మూడు రోజులు చూడండి. ఆ అడుసులోకి ఎక్కడెక్కడి కొంగలో వచ్చి వాలతాయి. ఆ రెండు మూడు రోజులు టపాసు కాల్చకుండా ఉంటే చాలు, రైతుకు నష్టం లేదు, పక్షికి పండగ.

పండగకు పిల్లల్ని తీసుకొచ్చాం, ఒక్క ఫ్లెమింగో కూడా దగ్గరగా కనపడలేదు. ఎందుకని?

మీరన్న పండగ, అంటే ఈ పక్షుల పేరిట జరిపే ఫ్లెమింగో ఫెస్టివల్, 2001లో మొదలైంది. తేదీ మనం పెట్టుకుంటాం, నీళ్ల మట్టం మన చేతిలో ఉండదు. ఆ వారం సరస్సు నిండుగా ఉంటే పక్షులు దూరంగా, ఇరకం, వేనాడు వైపు లోతు తక్కువ చోట్ల ఉంటాయి. ఇంకోటి కూడా చెప్పాలి. ఒక ఏడాది నేను లెక్కపెడుతుండగా ఎవరో కుర్రాళ్లు డ్రోన్ ఎగరేశారు. వందల ఫ్లెమింగోలు ఒక్కసారిగా లేచాయి, ఎర్రటి రెక్కలు ఆకాశమంతా. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు గుండె చివుక్కుమంది. తినాల్సిన పొద్దుటి పూట లేచి తిరగడమంటే వాటి ఒంట్లో దాచుకున్న కొవ్వు కరగడమే. మాఘమాసం దాటాక, జనం పల్చబడ్డాక, తెల్లవారుజామున రండి. ఎండ ఎక్కకముందే చూసి వెళ్లండి.

వేసవిలో కూడా కొన్ని ఉల్లంకులు ఇక్కడే కనిపించాయి. ఇది వాతావరణ మార్పేనా?

చాలావరకు కాదు. మొదటి ఏడాది పిల్లలు ఇంకా జతకట్టే వయసుకు రాక వేసవంతా ఇక్కడే ఉండిపోవడం మామూలే.

వలస పక్షుల వల్ల కోళ్లకు బర్డ్ ఫ్లూ వస్తుందా?

నీటి పక్షుల ద్వారా వైరస్ రావచ్చు. కోళ్ల లారీలు, దాణా, మనుషుల చెప్పుల ద్వారా కూడా వ్యాపిస్తుంది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా కోళ్లలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు పక్షుల్ని తరిమేయాలన్న మాటలు విన్నాను. తరిమితే అవి పది చోట్లకు చెదిరిపోతాయి, ప్రమాదం ఇంకా పెరుగుతుంది. చచ్చిన పక్షి కనపడితే ముట్టుకోకుండా పశువైద్యులకో, అటవీ శాఖకో చెప్పండి.

ఒకసారి విడిచిపెట్టిన చోటికి మళ్లీ వస్తాయా?

కొన్నిసార్లు రావు. పశ్చిమ గోదావరిలో ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద స్థావరం ఉందని 1946లో వెలుగులోకి వచ్చింది. 1970లు వచ్చేసరికి అది ఖాళీ అయిపోయింది. నేలపట్టును 1976లో రక్షిత కేంద్రంగా ప్రకటించారు. ఊరివాళ్లు పక్షుల్ని తమవిగా చూసుకున్నారు, రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైర్లకు బలమని వాళ్లకు తెలుసు. నేలపట్టు నిలబడడంలో సగం పుణ్యం వాళ్లదే.

మాలాంటి వాళ్లం ఏం చేయగలం?

రాసిపెట్టండి. అమెరికాలో 40 మైళ్ల లెక్క తేలింది ఏళ్ల తరబడి మామూలు జనం రాసిన కాగితాల నుంచే. మన దేశంలో 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతుల్ని అంచనా వేసి, వాటిలో 178 జాతులకు వెంటనే శ్రద్ధ కావాలని చెప్పింది. దానికి ఆధారం 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు ఈ-బర్డ్ అనే వెబ్‌సైట్‌లో రాసిన వివరాలు. అందులో మన చెరువుల నుంచి వెళ్లినవి ఇంకా చాలా పెరగాలి.

ప్రతి జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది. మన ఉపఖండంలో 1987లో మొదలైంది, ఎవరైనా చేరవచ్చు. అది కుదరకపోతే మీ ఊరి చెరువు ఒక్కటి చాలు. ఏటా ఒకే చోట నిలబడండి, ఒకే వేళకు చూడండి. మొదటి బాతు గుంపు దిగిన తేదీ, చివరిది వెళ్లిన తేదీ, అలుగు పారుతోందా లేదా, ఒక గుర్తు రాయి పెట్టుకుని నీళ్లు దాని ఎక్కడి దాకా ఉన్నాయో రాయండి. పక్షి పేరు తెలియకపోతే ముక్కు ఎలా ఉంది, కాళ్ల రంగేంటి అని రాసినా పర్వాలేదు. కనపడలేదనుకోండి, "ఈ రోజు ఒక్కటీ లేదు" అని తప్పకుండా రాయండి, ఆ వాక్యం చాలామంది వదిలేస్తారు. కాలికి రింగు ఉన్న పక్షి కనిపిస్తే దాని మీది అక్షరాలు, అంకెలు, ఏ కాలికి ఉందో ఫొటో తీసి, ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఆ పక్షికి రింగు ఎక్కడ వేశారో వాళ్ల ద్వారా మీకు తెలిసే వీలుంటుంది.